శేషాచలం మారేడుమిల్లిలో ఎలా మొలిచింది?

2021 డిసెంబరులో ‘పుష్ప’ మొదటి భాగం విడుదలైంది. కథ జరిగేది శేషాచలం కొండల్లో. నరికేది ఎర్రచందనం. హీరో మాట్లాడేది చిత్తూరు మాట. కానీ తెర మీద మనం చూసిన అడవిలో చాలా భాగం శేషాచలం కాదు. తిరుపతికి ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, గోదావరికి అవతల ఉన్న మారేడుమిల్లి అది.

అడవిని ఎరిగినవాళ్లకు ఈ రెండూ వేర్వేరు లోకాలు. ఎర్రచందనం శేషాచలం, పాలకొండ, లంకమల, వెలికొండ వంటి దక్షిణపు కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. రాతినేల, తక్కువ వాన, వేసవి వస్తే ఆకు రాల్చి మోడుగా నిలబడే చెట్లు, ఇదీ దాని ఇల్లు. మారేడుమిల్లి తడి అడవి. దట్టంగా, పచ్చగా, తీగలతో అల్లుకుపోయి ఉంటుంది. అలిపిరి మెట్లెక్కేవాళ్లు రోజూ చూసే కొండకూ దానికీ పోలికే లేదు. అయినా హాల్లో కూర్చున్నంతసేపూ మన మెదడు అభ్యంతరం చెప్పలేదు. ఎర్రటి దుంగ కనిపించింది, చెక్‌పోస్టు కనిపించింది, ‘ఉండాది’, ‘పోతా ఉండా’ అనే మాట చెవిన పడింది. అంతటితో మెదడు ఇది మన కొండేనని తీర్మానించుకుని, వెనకాల ఉన్న చెట్లను పట్టించుకోవడం మానేసింది.

1920 ప్రాంతంలో మాస్కోలో లెవ్ కులెషోవ్ అనే యువ దర్శకుడు ఈ పనినే ప్రయోగంగా చేసి చూశాడు. ఒక మగమనిషి ఒక వీధిలో నడుస్తుంటాడు. ఒక ఆడమనిషి ఇంకో వీధిలో నడుస్తుంటుంది. ఇద్దరూ ఎదురుపడి చేతులు కలుపుతారు. అతను అటు చూడమని చెయ్యి చూపిస్తాడు. పెద్ద తెల్ల భవనం కనిపిస్తుంది. ఇద్దరూ మెట్లెక్కుతారు. చూసినవాళ్లకు అదంతా ఒకే చోట, ఒకే పూట జరిగినట్టే ఉంది. షాట్లు తీసింది మాత్రం నగరంలో ఒకదానికొకటి సంబంధం లేని మూలల్లో. ఆ తెల్ల భవనమైతే ఏకంగా అమెరికా అధ్యక్షుడి వైట్‌హౌస్, వేరే ఫిల్ములోంచి కత్తిరించి అతికించింది. అలాంటి వీధి భూమ్మీద ఎక్కడా లేదు. చూసేవాడి తలలో మాత్రం పుట్టింది.

తిరుపతిలో ఇవాళ మీడియా చదువుతున్న పిల్లలు చాలామందే ఉన్నారు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఉంది. 2008 నుంచి దేవస్థానం వారి భక్తి ఛానెల్ నడుస్తోంది. పెళ్లి వీడియోల స్టూడియోలకు ఏ సెంటర్లోనూ కొదవ లేదు. వీళ్లలో సినిమా నేర్చుకుందామని బయల్దేరినవాళ్లు మొదట అడిగేది ఏ కెమెరా కొనాలి, ఏ లెన్స్ వాడాలి అని. ఆ ప్రశ్న తర్వాత అడగొచ్చు. సినిమా సూత్రాలని మనం చెప్పుకునేవన్నీ, లైన్ దాటకూడదు, కదలిక మీద కట్ చేయాలి, ఇంటర్వెల్‌కు ముడి పడాలి, ఇవన్నీ చూసేవాడి కంటి గురించీ మెదడు గురించీ మనుషులు వందేళ్లకు పైగా తప్పులు చేస్తూ కూడబెట్టిన జ్ఞానం. కెమెరా దాన్ని అమలు చేసే పనిముట్టు. కాబట్టి పాఠం ప్రేక్షకుడితో మొదలవ్వాలని నా గట్టి నమ్మకం.

కన్ను రోజంతా కట్ చేస్తూనే ఉంటుంది

ముందు కదలిక సంగతి. సెకనుకు 24 నిశ్చల చిత్రాలు చూపిస్తే బొమ్మ కదిలినట్టు కనిపిస్తుంది. ఎందుకని అడిగితే చాలా పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ ఒక్కటే జవాబు చెబుతాయి: ఒక బొమ్మ కంటిపాప వెనక కాసేపు నిలిచిపోతుందనీ, దాని మీద తర్వాతి బొమ్మ వచ్చి కలుస్తుందనీ. ఈ వివరణ సరిపోదు. బొమ్మ మీద బొమ్మ నిలిచిపోతే అంతా అలుక్కుపోయి ముద్దగా కనిపించాలి, నడక కనిపించకూడదు. 1912లో జర్మనీలో మాక్స్ వెర్ట్‌హైమర్ ఈ చిక్కును విడదీశాడు. పక్కపక్కన ఉన్న రెండు గీతల్ని తగిన వ్యవధిలో ఒకదాని తర్వాత ఒకటి వెలిగిస్తే, రెండు గీతలు వెలిగాయని మనిషికి అనిపించదు, ఒకే గీత ఇటు నుంచి అటు జరిగిందనిపిస్తుంది. మధ్యలో లేని ప్రయాణాన్ని మెదడు తనంతట తాను కల్పించుకుంటోంది. పెళ్లి పందిట్లో సీరియల్ లైట్లు పరుగెత్తినట్టు కనిపించడం కూడా ఇదే. ఏ బల్బూ ఎక్కడికీ కదలదు.

పాత ప్రొజెక్టర్లలో ప్రతి బొమ్మనూ రెండుసార్లు వెలిగించి, సెకనుకు 48 మెరుపులు చేసేవారు. 24 మెరుపులైతే తెర మినుకుమినుకుమంటూ కళ్లను బాధపెడుతుంది. అంటే కదలికకు 24 చాలు, మినుకు పోవడానికి చాలదు. రెండూ వేర్వేరు సమస్యలు. సెల్‌ఫోన్‌తో తీసేవాళ్లకు ఈ మినుకు ఇంకో రూపంలో ఎదురవుతుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. దానివల్ల చాలా దీపాలు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువగా వెలుగుతాయి. షట్టర్ వేగం దానికి పొసగకపోతే జాతర దీపాల మీద నల్లటి పట్టీలు పాకుతుంటాయి. షట్టర్‌ను సెకనులో 50వ వంతుకు గానీ 100వ వంతుకు గానీ పెడితే చాలావరకు పోతాయి. తిరుపతిలో రాత్రిపూట వెలుగుల్లో తీసే ఎవరికైనా ఈ ఒక్క సంగతి ఎంతో శ్రమ తప్పిస్తుంది.

ఇక కట్. ఆలోచిస్తే కట్ కన్నా అసహజమైనది లేదు. ఒక క్షణం మనిషి నిలువెత్తున కనిపిస్తాడు, మరుక్షణం అతని ముఖమే తెరంతా నిండుతుంది. మామూలు జీవితంలో ఎవరూ అలా గాల్లో ఎగిరి ఎదుటివాడి ముక్కు దగ్గర వాలరు. అయినా మనం ఉలిక్కిపడం. కారణాల్లో ఒకటి మన కంట్లోనే ఉంది. కన్ను లోకాన్ని కెమెరాలా సాఫీగా తిప్పి చూడదు. సెకనుకు రెండు మూడు సార్లు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు దూకుతుంది. దూకే ఆ కొద్ది క్షణంలో మెదడు చూపును అణచిపెడుతుంది. లేకపోతే చూపు దూకినప్పుడల్లా లోకం మసకగా జారిపోతున్నట్టు కనిపించేది. ముక్కలు ముక్కలుగా చూసి, వాటిని కుట్టి, అంతా ఒకటే అనుకోవడం మెదడుకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎడిటర్ ఆ అలవాటు మీదే బతుకుతాడు.

2008లో టిమ్ స్మిత్, జాన్ హెండర్సన్ అనే పరిశోధకులు కొందరికి సినిమా ముక్కలు చూపించి, కట్ కనిపించిన ప్రతిసారీ మీట నొక్కమన్నారు. వాళ్ల పనల్లా కట్లు పట్టుకోవడమే. అయినా ఒక కదలిక మొదలై, షాట్ మారి, అదే కదలిక పూర్తయ్యే చోట వేసిన కట్లలో దాదాపు మూడోవంతు వాళ్ల కళ్లు తప్పించుకున్నాయి. ఎడిటింగ్ గదుల్లో ఎన్నాళ్లుగానో చెప్పే మాటే ఇది: మనిషి కుర్చీలోంచి లేస్తుంటే కట్ చేయి, లేచి నిలబడ్డాక చేయకు.

అలిపిరి దగ్గర టీ బంకు ముందు ఇద్దరు మాట్లాడుకునే సీను తీయాలనుకుందాం. ఎడమవైపు కొండెక్కబోతున్న ముసలాయన, కుడివైపు టీ పోసే కుర్రాడు. ముందు ఇద్దరూ కనిపించేలా మాస్టర్ షాట్. తర్వాత కుర్రాడి భుజం మీదుగా ముసలాయన ముఖం. దీన్నే మన సినిమావాళ్లు సజెషన్ షాట్ అంటారు. ఆ తర్వాత ముసలాయన భుజం మీదుగా కుర్రాడు. ఇద్దరి మధ్యా నేల మీద ఒక గీత ఉందనుకుని, కెమెరా ఎప్పుడూ గీతకు ఒకే పక్కన ఉండాలి. అప్పుడు ముసలాయన ప్రతి షాట్లోనూ కుడివైపుకే చూస్తాడు, కుర్రాడు ఎడమవైపుకే చూస్తాడు. గీత దాటామా, ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తూ ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టుంటుంది. కారణం, మెదడు ఆ చోటి నక్షాను గోడలు, చెట్లు చూసి కట్టుకోదు. ఎవరు ఎటు చూస్తున్నారన్నదాన్ని బట్టి కట్టుకుంటుంది. లుక్ తప్పితే నక్షా కూలుతుంది. క్రికెట్ ప్రసారంలో పరుగు తీసే బ్యాట్స్‌మన్ హఠాత్తుగా రెండో దిక్కుకు పరుగెత్తినట్టు అనిపించినప్పుడు మనకు కలిగే ఇబ్బంది కూడా ఇదే.

ముఖం ఏమీ చేయకపోతే

కులెషోవ్‌దే ఇంకో ప్రయోగం ఇంతకన్నా పేరుపడింది. నటుడు ఇవాన్ మొజూఖిన్ ముఖం ఒకటే షాట్. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి స్త్రీ. చూసినవాళ్లు అతని ఆకలినీ, దుఃఖాన్నీ, కోరికనూ మెచ్చుకున్నారని కథనం. ముఖం మారలేదు, పక్క షాట్ మారింది. ఆ ఫిల్ము ఇప్పుడు లేదు. 1992లో స్టీఫెన్ ప్రిన్స్, వేన్ హెన్స్‌లీ అదే ప్రయోగాన్ని కొత్తగా చేస్తే ఆ ప్రభావం కనిపించలేదు. 2006లో ఇంకో బృందం మెదడు స్కానింగ్‌తో, వేరే రకం చిత్రాలతో చేస్తే కనిపించింది. పక్కన ఏముందో దాన్ని బట్టి ముఖాన్ని చదువుతామన్నది నిజమే, కానీ ఏ రెండు ముక్కలు అతికించినా మంత్రంలా పనిచేయదు. అతను ఆ వస్తువును చూస్తున్నాడని ముందు మనం నమ్మాలి.

ఈ సంగతిని ఎవరూ చెప్పకుండానే పట్టుకున్న నటుడొకరు చిత్తూరులో తయారయ్యారు. చిత్తూరు వి. నాగయ్య పుట్టింది గుంటూరు జిల్లాలోనైనా, చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరు తెచ్చుకుని ఈ ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. ఆనాటి రంగస్థలం అంటే గొంతు చివరి వరసదాకా వినిపించాలి, చెయ్యి విసిరితే చివరివాడికి కనిపించాలి. అక్కణ్ణుంచి వచ్చిన నటుడు సినిమాలోనూ అదే జోరు చూపించడం సహజం, చాలామంది చూపించారు కూడా. 1939లో బి.ఎన్. రెడ్డి తీసిన ‘వందేమాతరం’తో ముందుకొచ్చిన నాగయ్య మాత్రం కెమెరా దగ్గరగా ఉందనీ, మైకు ఇంకా దగ్గరగా ఉందనీ గ్రహించారు. ‘పోతన’, ‘వేమన’, తానే దర్శకత్వం వహించిన ‘త్యాగయ్య’ చూడండి. గొంతు దించి మాట్లాడతారు. ముఖం ప్రశాంతంగా ఉంటుంది, భావాన్ని పైకి నెట్టదు. ఆ ఖాళీలో భక్తిని నింపుకునేది మనం. నటన నేర్చుకునేవాళ్లు ఆ సినిమాల్ని సౌండ్ తీసేసి ఒకసారి చూసి, బొమ్మ చూడకుండా ఒకసారి వింటే, క్లోజప్‌కు ఎంత తక్కువ చాలునో అర్థమవుతుంది.

రంగు మారిన చొక్కా

సినిమా తీసేవాళ్లను రాత్రిళ్లు నిద్రపోనివ్వని మాట కంటిన్యుటీ. మొదటి షాట్లో నిండుగా ఉన్న టీ గ్లాసు రెండో షాట్లో సగమైతే ఎట్లా? 1997లో డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ ఇదే పరీక్షించారు. ఇద్దరు స్త్రీలు మాట్లాడుకునే చిన్న సీనులో కట్ కట్‌కూ ఏదో ఒకటి మార్చారు, మెడలోని స్కార్ఫ్, బల్ల మీది పళ్లేల రంగు, మొత్తం 9 మార్పులు. చూసిన 10 మందిలో ఏదో తేడా ఉందని చెప్పగలిగింది ఒక్కరే. తర్వాత ఇంకా ముందుకెళ్లారు. ఫోన్ మోగితే లేచిన మనిషి ఒకరు, కట్ తర్వాత ఫోన్ ఎత్తే మనిషి ఇంకొకరు. మనిషే మారిపోయినా చూసినవాళ్లలో మూడింట రెండు వంతులమంది కనిపెట్టలేదు.

అంటే అజాగ్రత్తగా ఉండొచ్చని కాదు. మెదడు వస్తువుల్ని జాబితా రాసుకోదు, జరుగుతున్న పనిని వెంబడిస్తుంది. పని తెగకపోతే వస్తువు మారినా క్షమిస్తుంది. పని తెగితే అన్ని వస్తువులూ యథాస్థానంలో ఉన్నా క్షమించదు. ఒక్క రోజులో, అరువు తెచ్చిన లైటుతో, పొద్దు వాలిపోతుండగా షార్ట్‌ఫిల్మ్ ముగించాల్సిన విద్యార్థికి దేన్ని కాపాడుకోవాలో, దేన్ని వదిలేయవచ్చో తేల్చుకోవడానికి ఇంతకన్నా పనికొచ్చే కొలమానం లేదు.

ఈ కష్టాలన్నిటినీ కథగా చేసిన తెలుగు సినిమా ఒకటుంది. 2021 మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘సినిమా బండి’. ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. ఆంధ్రా, కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటో నడిపే వీరబాబుకు తన బండిలో ఎవరో మర్చిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఊరివాళ్లతోనే సినిమా తీద్దామనుకుంటాడు. ఫొటోలు తీసే మిత్రుడు కెమెరామన్ అవుతాడు, క్షౌరం చేసే యువకుడు హీరో అవుతాడు, కూరగాయలమ్మే మంగ హీరోయిన్ అవుతుంది. ఏ షాట్‌కు ఏ పేరో వాళ్లకు తెలియదు. సినిమా అంటే ఎలా ఉంటుందో మాత్రం బాగా తెలుసు, ఎందుకంటే పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు.

దాన్ని నిర్మించిన రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. జంట మన ప్రాంతంవాళ్లే. ఒకరిది తిరుపతి, ఇంకొకరిది చిత్తూరు. ఇద్దరూ ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివారు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూ, ఏ ఫిల్మ్ స్కూల్‌కూ వెళ్లకుండా సినిమా నేర్చుకున్నారు. 2003లో ‘ఫ్లేవర్స్’తో మొదలుపెట్టి, ‘గో గోవా గాన్’, ‘ది ఫ్యామిలీ మ్యాన్’, ‘ఫర్జీ’ దాకా వచ్చారు. వీళ్ల పనిలో నాకు నచ్చేది సినిమా జాతులతో, అంటే జానర్లతో, వాళ్ల సాహసం. జాంబీల సినిమాలో హాస్యం కలిపారు. గూఢచారి కథలో ఇంటి ఖర్చులు, స్కూలు ఫీజులు, భార్యాభర్తల తగవులు పెట్టారు. రెండు జాతుల నియమాలూ కంఠతా వచ్చినవాళ్లే అలా కలపగలరు.

కథ ఎటు పోతుందో ముందే తెలిసినవాళ్లు

జానర్ అంటే మూసపోత అని చిన్నచూపు ఉంది. అది పొరపాటు. జానర్ అంటే ప్రేక్షకుడు తనతో తెచ్చుకునే జ్ఞానం. 2010లో ష్టెఫాన్ ష్వాన్, సెర్మిన్ ఇల్దిరార్ టర్కీలో మారుమూల కొండపల్లెలకు వెళ్లి, జీవితంలో సినిమా, టీవీ చూడని పెద్దవాళ్లకు చిన్న చిన్న ఫిల్ములు చూపించారు. కట్లు ఉంటే వాళ్లకు అర్థం కాదేమోనని అనుమానం. తేలింది వేరు. టీ కాయడం వంటి తమకు బాగా తెలిసిన పని తెర మీద సాగుతుంటే కట్లను దాటుకుని కూడా కథను పట్టుకున్నారు. పరిచయమైన పని ఏదీ లేని ముక్కలతోనే ఇబ్బంది పడ్డారు. మామూలు చూపుకు షాట్ ఎంత దగ్గరగా ఉందన్నదానికన్నా, జరిగే పని తెలిసిందా కాదా అన్నదే ఎక్కువ లెక్కకు వచ్చింది.

కథ పోయే దారి తెలుగు ప్రేక్షకుడికి ఎంత బాగా తెలుసో చెప్పడానికి ‘మాయాబజార్’ చాలు. 1957లో వచ్చిన ఆ సినిమా మహాభారత కుటుంబ కథ. అందులో పాండవులు ఐదుగురిలో ఒక్కరూ తెర మీదకు రారు! కె.వి. రెడ్డి వాళ్లను చూపించాల్సిన అవసరమే లేదనుకున్నారు. వాళ్లెవరో, ఏ కష్టంలో ఉన్నారో చూసేవాడికి తెలుసు. చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ల దగ్గర ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర్లో మట్టితో చేసిన దుర్యోధనుడి వధ. ఇన్ని తరాలుగా ఇది చూస్తున్న జనానికి పాత్రల పరిచయం చేస్తూ అరగంట ఖర్చు పెట్టడం ఎందుకు? మిగిల్చుకున్న ఆ సమయాన్ని కె.వి. రెడ్డి, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ మాయకూ, విందుకూ, వెన్నెలకూ ఖర్చు పెట్టారు. ఆ వెన్నెల కూడా దీపాలతో పుట్టించిందే. నిండు పున్నమి వెలుగు ఎండలో కొన్ని లక్షల వంతుల్లో ఒక వంతు. ఆనాటి ఫిల్ముకు అది కనిపించదు. కాబట్టి వెన్నెలను తీయలేదు, వెన్నెల ఎలా ఉంటుందని మనం అనుకుంటామో దాన్ని తీశారు.

ఆ సినిమా రెండో సగమంతా ఒకే ముడి మీద నడుస్తుంది. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, పెళ్లివారికి తెలియదు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెప్పి, కూర్చున్నవాళ్లకు చెప్పకపోవడమే ఉత్కంఠ అని హిచ్‌కాక్ తర్వాత ఫ్రాన్సువా త్రుఫోకు వివరించాడు. తిరుపతివాళ్లకు హిచ్‌కాక్ చెప్పనక్కర్లేదు. ప్రతి మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఇదే కథ ఆడుతుంది. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడిని వెతుకుతూ అమ్మవారు రోజుకో వేషంలో వస్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, చివరికి దొర వేషం. దొర వచ్చాడనుకుని పాలెగాడు బయటికి వస్తాడు. ఆ వేషంలో ఉన్నదెవరో వీధిలో ప్రతి ఒక్కరికీ తెలుసు, వాడొక్కడికే తెలియదు. చంపిన తర్వాత మాతంగి వేషం, ముగింపులో విశ్వరూపం. అమెరికా పండితురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతర మీద 2013లో ఒక పూర్తి పుస్తకమే రాశారు. స్క్రీన్‌ప్లే నేర్చుకునే మన పిల్లలు చదవాల్సిన పుస్తకాల్లో అదొకటి.

దాగిన రూపం, సమయం వచ్చినప్పుడు అసలు రూపం. ఈ అచ్చు మన వాణిజ్య సినిమాలో ఎక్కడ లేదు? 1999 నాటి ‘సమరసింహారెడ్డి’లో నాయకుడు తన గతాన్ని దాచుకుని వేరే ఊళ్లో పనివాడిగా బతుకుతాడు. ఆ గతం బయటపడే చోట హాలు అదిరిపోతుంది. ‘నరసింహనాయుడు’, ‘ఇంద్ర’ వరసగా ఆ బాటలోనే నడిచాయి. తెల్ల బట్టలు, బారులు తీరిన సుమోలు, ఎర్రమట్టి, నాటుబాంబులు, వీటిని చూడగానే కథ ఎటు పోతుందో ప్రేక్షకుడికి తెలిసిపోయేంతగా ఫ్యాక్షన్ సినిమా ఒక జానర్‌గా స్థిరపడింది. జానర్ పనిచేసే పద్ధతి గొప్పగా ఉంది. దాని ధర మాత్రం రాయలసీమ చెల్లించింది. కర్నూలు, కడప, అనంతపురంలో కొన్ని ఊళ్ల విషాదం నాలుగు జిల్లాల ముఖంగా మారింది. వేరుశనగ రైతు, మదనపల్లె టమాటా మార్కెట్, పుంగనూరు ఆవు, కుప్పం పల్లెల మూడు భాషల కలగలుపు తెర మీదికి రాలేదు. సీమ అనగానే కత్తి గుర్తొచ్చేలా ప్రేక్షకుడి మెదడుకు తర్ఫీదు ఇచ్చింది సినిమాయే. కొత్తగా సినిమా నేర్చుకుంటున్న ఇక్కడి పిల్లలు ఈ నష్టాన్ని పూడ్చగలరని నాకు ఆశ ఉంది. పూడ్చాలంటే జానర్‌ను పారేస్తే కుదరదు. ఎక్కడ దాకా దాని మాట విని, ఎక్కడ తిప్పాలో తెలియాలి.

2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప’ రెండో భాగంలో అలాంటి మలుపొకటి ఉంది. మాస్ హీరో అంటే మీసం తిప్పాలి, నడుస్తుంటే నేల అదరాలి. గంగమ్మ జాతర ఘట్టంలో అదే హీరో చీర కట్టి, గాజులు వేసి, అమ్మవారి రూపంలో ఆడతాడు. బయటివాళ్లకు అది కొత్త. తిరుపతి జాతరలో మగవాళ్లు ఆడవేషం వేసి మొక్కు తీర్చుకోవడం ఎరిగిన మనకు దాని వెనక ఉన్న దారి తెలుసు. రాజ్, డి.కె. రాసి నిర్మాణంలోనూ పాలుపంచుకున్న 2018 నాటి హిందీ ‘స్త్రీ’ సంగతీ ఇలాంటిదే. రాత్రిళ్లు తలుపు తట్టే ఆడదెయ్యాన్ని రేపు రమ్మని గోడ మీద రాసి పంపించేయడం. ఆంధ్రా పల్లెల్లో ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద బొగ్గుతో రాసుకున్న తరం ఇంకా ఉంది.

జాతరలో కెమెరా ఎక్కడ నిలబడాలి?

ఇంతా చదివిన విద్యార్థికి నేనిచ్చే పని ఒకటే. వచ్చే జాతరకు దొర వేషం రోజు వీధిలోకి వెళ్లి మూడు నిమిషాల ఫిల్ము తీయాలి. కానీ తీసేముందు కెమెరా ఎక్కడ నిలబడుతుందో నిర్ణయించుకోవాలి.

వేషం వెనక నడుస్తూ, భుజం మీదుగా దారిని చూపిస్తే, చూసేవాడు వేటగాడి పక్షాన ఉంటాడు. పాలెగాడు ఎక్కడ దాక్కున్నాడోనని కళ్లు మూలమూలలా వెతుకుతాయి. అది థ్రిల్లర్. పాలెగాడి వేషం వేసినవాడి గుమ్మంలోంచి బయటికి చూపిస్తే, డప్పు దూరం నుంచి దగ్గరవుతూ, వేషం మాత్రం ఆలస్యంగా కనిపిస్తూ ఉంటే, భయం పుడుతుంది. అప్పుడు అది హారర్. మిద్దె మీద నిలబడి, కట్ లేకుండా, వీధంతా కనిపించేలా తీస్తే అది రికార్డు. ఉరి హాసన్ బృందం 2008లో చూపించింది ఇక్కడ గుర్తుంచుకోవాలి. హిచ్‌కాక్ తీసిన ఒక టీవీ ఎపిసోడ్ చూస్తున్నప్పుడు ప్రేక్షకుల మెదడు పైపొరలో దాదాపు 65 శాతం భాగం అందరిలోనూ ఒకే తీరున స్పందించింది. ఒక పార్కులో కెమెరా పెట్టి ఏమీ కట్ చేయకుండా తీసిన దృశ్యానికి అది 5 శాతం లోపే. మిద్దె మీది షాట్లో ఒకరు డప్పు వాయించేవాడిని చూస్తారు, ఇంకొకరు పొంగలి గిన్నె మోస్తున్న ఆమెను చూస్తారు, ఇంకొకరు ఎండకు తట్టుకోలేక ఏడుస్తున్న పసివాణ్ణి చూస్తారు. దర్శకుడి పట్టు సడలుతుంది, చూసేవాడికి స్వేచ్ఛ దొరుకుతుంది. ఏది మేలన్నది ఆ ఫిల్ము దేనికోసమో దాన్ని బట్టి తేలుతుంది.

నాలుగో చోటు కూడా ఉంది, జనంలో. ఇంటి ముందు పసుపునీళ్ల బిందెతో ఎదురుచూసే ఆడవాళ్ల పక్కన, వాళ్ల కంటి ఎత్తున. వేషం వస్తుంది, వాళ్లు పాదాల మీద నీళ్లు పోస్తారు, వేషం వెళ్లిపోతుంది. పాలెగాడు ఆ షాట్లో ఎక్కడా ఉండడు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఆ కథ వాళ్ల ముఖాల్లో ఉంది, చూసే తిరుపతివాడి తలలో ఉంది. ఊరు బయటివాళ్లకు ఆ మూడు నిమిషాలు అర్థమవ్వాలంటే ఇంకో షాట్ ఎక్కడ కావాలి, దేని పక్కన పెట్టాలి అన్నది విద్యార్థి ఎడిటింగ్ బల్ల మీద తేల్చుకోవాలి. నేనైతే ఈ నాలుగో చోటు నుంచే మొదలుపెడతాను.